వెనక చక్రాలు ముందుగా పట్టకూడదు

కర్నూలు



మేనల్లుడా, నువ్వు పంపిన ఫోటోలు మీ అత్త ఫోనులో రెండుసార్లు చూసినాను. నీ పద్మిని కారు బాగా కుదిరింది. 1978 బండి అంటే ఎవరూ నమ్మరు. ముందు చక్రాలకు డిస్కులు, వెడల్పు టైర్లు, పెద్ద ఇంజను, అన్నీ చూసినాను. ఇప్పుడు వెనక బ్రేకు పైపులో తిప్పుకునే వాల్వు ఒకటి బిగించి, దాని నాబ్‌ను స్టీరింగు పక్కన పెట్టుకుంటానని రాసినావు. ఫోనులో చెప్తే సగంలోనే "సరే మామా" అంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. స్పానర్ పట్టే ముందు ఇది చదువు.

ముందు ఒక పాత సంగతి. నేను షెడ్డు పెట్టిన కొత్తలో బ్రేకు చాలడం లేదని ఒకాయన ఫియట్ తెచ్చినాడు. వెనక వీల్ సిలిండర్లు కారుతున్నాయి. ముప్పావు అంగుళం బోరువి ఆ రోజు దొరకలేదు. దానికంటే పరక అంగుళం పెద్దవి దొరికినాయి. పరకే కదా అని వేసేసినాను. పెడల్ కొంచెం లోపలికి దిగింది గానీ బండి బాగానే ఆగింది. ఆయన సంతోషంగా డబ్బులిచ్చి పోయినాడు. నెల తిరక్కముందే, తొలకరి జల్లులో, రాయచోటి నుంచి కడపకు దిగుతూ గువ్వలచెరువు ఘాటులో బ్రేకు తొక్కినాడు. వెనక భాగం గిర్రున తిరిగి ముందుకొచ్చింది. డిక్కీ పిట్టగోడకు తగిలి బండి ఆగింది. వెనక సీట్లో వాళ్లమ్మ ఉంది. చెయ్యి విరిగింది. ఆసుపత్రికి పోయి చూస్తే ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "తిన్నావా నాయనా" అని అడిగింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసినాను. సిలిండరు తోపుడు బోరు వర్గాన్ని బట్టి ఉంటుంది. ముప్పావు అంటే ఆరు పరకలు, ఆరారులు ముప్పై ఆరు. నేను వేసింది ఏడు పరకలది, ఏడేడులు నలభై తొమ్మిది. అంటే అదే తొక్కుడుకు వెనక షూల మీద 36 శాతం ఎక్కువ బలం పడింది. ఆ సంగతి తెలియకుండానే నేను బ్రేకు మెకానిక్కునని బోర్డు పెట్టుకున్నాను.

అల్లుడా, బ్రేకు తొక్కితే ముక్కు దిగుతుంది, డిక్కీ లేస్తుంది. అది కంటికి కనబడేదే. ఎంత బరువు ముందుకు పోతుందో అంకెల్లో చూడు. పద్మిని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 234 సెంటీమీటర్లు. నువ్వొక్కడివే కూర్చున్న బండి వెయ్యి కిలోలు, ముందు 520, వెనక 480, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. పొడి తారు మీద గట్టిగా తొక్కితే, బరువులో పదింట ఏడు వంతుల బలంతో బండి ఆగిందనుకో. అప్పుడు 165 కిలోల దాకా వెనక నుంచి ముందుకు జరుగుతుంది. వెనక రెండు టైర్ల మీద మిగిలేది 315 కిలోలే. తడి రోడ్డు మీద అందులో సగం బలంతోనే ఆగుతుంది, కాబట్టి జరిగేదీ సగమే. వెనక 400 ఉంటుంది. అదే మీ అక్కనూ బావనూ పిల్లలనూ ఎక్కించి, డిక్కీలో బియ్యం మూట వేసి 1300 కిలోలు చేస్తే, పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా వెనక 500 కిలోలు నిలుస్తుంది. బండి ఒకటే, చక్రాలు అవే, కానీ అవి తట్టుకోగల బ్రేకు పూటకో రకం.

లారీల్లో, కొన్ని వ్యాన్లలో వెనక ఇరుసుకు కడ్డీతో తగిలించిన వాల్వు ఉంటుంది. లోడుకు కమాన్ కట్టలు కుంగితే అది వెనక్కి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. నువ్వు కొన్న వాల్వుకు ఆ తెలివి లేదు. నువ్వు ఎక్కడ తిప్పి పెడితే అక్కడే ఉంటుంది. కాబట్టి దాన్ని ఖాళీ బండికి, పొడి రోడ్డుకు సెట్ చెయ్యాలి. నిండు బండిలో వెనక బ్రేకు కొంచెం తక్కువ పని చేస్తుంది, ఆగే దూరం పెరుగుతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకో. ముందు చక్రాలు జామ్ అయితే స్టీరింగు పని చెయ్యదు గానీ బండి నేరుగా జారుతుంది, కాలు సడలిస్తే మళ్లీ చేతికొస్తుంది. వెనకవి ముందుగా జామ్ అయితే బండి తిరిగిపోతుంది. తిరిగిన బండిని పట్టుకునేంత వ్యవధి ఘాటు రోడ్డు ఇవ్వదు.

ఇంకో సంగతి, చాలామంది తప్పుగా అనుకునేది. ముందు డిస్కులు వేసినాను కాబట్టి ముందు బ్రేకు బలపడింది అనుకుంటున్నావు. డ్రమ్ములో షూ తిరిగే దిక్కుకు ఒరిగి, తనంతట తాను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. డిస్కు ప్యాడుకు ఆ గుణం లేదు, ఎంత ప్రెషర్ ఇస్తే అంతే. అందుకే డిస్కుకు ఎక్కువ ప్రెషర్ కావాలి. నువ్వు గట్టిగా తొక్కుతావు, లేదా బూస్టర్ పెడతావు. ఆ పెరిగిన ప్రెషర్ వెనక డ్రమ్ములకూ పోతుంది. వాటికి పాత గుణం అలాగే ఉంది. అంటే డిస్కులు వేసిన బండిలో వెనక భాగం ముందుగా పట్టే ప్రమాదం తగ్గలేదు, పెరిగింది. నీకు వాల్వు కావాలన్న ఆలోచన సరైనదే. కారణమే వేరు.

ఆ వాల్వు ఏం చేస్తుందో కూడా తెలుసుకో. కేసీ కాలువ కింద మడవ కట్టే రైతును అడిగితే చెప్తాడు, మడవ నీళ్లు పుట్టించదు, వచ్చే నీళ్లను తగ్గిస్తుంది అంతే. ఇదీ అంతే. వెనక్కి పోయే ప్రెషర్‌ను తగ్గించగలదు, ఎక్కడా పెంచలేదు. అదీ మొదటి నుంచి తగ్గించదు. ఒక హద్దు దాకా ముందూ వెనకా సమానంగా వదిలి, హద్దు దాటాక వెనక పెరుగుదలను నెమ్మది చేస్తుంది. నాబ్ తిప్పితే మారేది ఆ హద్దు. తడి రోడ్డు మీద మెల్లగా తొక్కినప్పుడు ప్రెషర్ ఆ హద్దు దాకా రాకపోవచ్చు. అప్పుడు వాల్వు ఉన్నా లేనట్టే. ఆ మెల్లని తొక్కుడుకే వెనక చక్రం పట్టేస్తే, నాబ్‌తో కుస్తీ పట్టొద్దు. వెనక చిన్న బోరు సిలిండరు వెయ్యి. నేను చేసిన పనికి సరిగ్గా తిరగేసిన పని అది.

బిగించేటప్పుడు చూసుకోవలసినవి. వాల్వు వెనక లైనులోనే ఉండాలి, రెండు చక్రాలకు పైపు చీలక ముందు. ముందు లైనులో ఎప్పుడూ వద్దు. మాస్టర్ సిలిండరు ఏదో కొత్త చిన్న కారుది తెచ్చినానన్నావు. ఆ కార్లలో చాలావాటికి ముందు ఒక చక్రం, వెనక ఎదురు చక్రం కలిపి ఒక లైను, అలా రెండు లైన్లు అడ్డంగా పోతాయి. ఆ పద్ధతిలో ఒక్క వాల్వు పని చెయ్యదు. ముందు రెండూ ఒక లైను, వెనక రెండూ ఒక లైను చెయ్యి. ఆ కారుతో వచ్చిన పాత వాల్వు ఏదైనా లైనులో ఉంటే తీసెయ్యి, రెండూ కలిసి వెనక బ్రేకును చంపేస్తాయి. పైపు నట్లు జాగ్రత్త. అంగుళం మరలది, మిల్లీమీటరు మరలది చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటి రెండు చుట్లు చేత్తో తిరక్కపోతే అది దానిది కాదు, స్పానర్‌తో ఒప్పించొద్దు. ఉత్త రాగి పైపు వద్దు, అదురుకు బీటలు పడుతుంది. పైపు మొనకు డబల్ ఫ్లేరే చేయించు.

బ్లీడింగ్ ఒక్కడివే చెయ్యొద్దు. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. "కొట్టు, కొట్టు, పట్టు" అనాలి. పట్టినాక నిపిల్ పావు చుట్టు విప్పాలి, సీసాలో ముంచిన ట్యూబులో బుడగలు చూడాలి, నిపిల్ మూసినాకే "వదులు" అనాలి. మూయకముందే పెడల్ వదిలితే ట్యూబులో వచ్చిన గాలి మళ్లీ లోపలికే పోతుంది. వాల్వును వెనక్కి పూర్తిగా వదిలే వైపు తిప్పి ఉంచే చెయ్యి. మంచి పెడల్ కాలి కింద చెక్క పలకలా ఉండాలి. నానిన అట్టలా ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే. ఆయిల్ కొత్త డబ్బా విప్పి పొయ్యి. డాట్ ఫోర్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు గానీ మరగదు, తేమ పీల్చుకున్నాక 155కే మరుగుతుంది. కడప ఎండల్లో ఘాటు దిగి కాలిన డ్రమ్ముకు ఆ తేడా చాలు.

ఇక సెట్టింగు. తెల్లవారుజామున, జనం లేని నేరు రోడ్డు చూసుకో. ముందుగా డిస్కులూ, డ్రమ్ములూ, షూలూ, టైర్ల గాలీ రెండు వైపులా ఒకేలా ఉండాలి. బండి ఒక పక్కకు లాగుతుంటే వాల్వు దాన్ని బాగు చెయ్యదు. నాలుగు టైర్ల పక్క గోడల మీద సుద్దతో పెద్ద గీతలు గియ్యి. స్నేహితుణ్ణి రోడ్డు పక్కన దూరంగా నిలబెట్టి ఫోనులో స్లో మోషన్ తియ్యమను. వాల్వును వెనక్కి అతి తక్కువ వదిలే చోట మొదలుపెట్టు. 40 వేగంలో గట్టిగా తొక్కు, ఏ చక్రం గీత ముందు నిలిచిందో వీడియోలో చూడు. ఒక్కో చుట్టు వెనక్కి పెంచుతూ పో. వెనకది ముందుగా నిలిచిన చోట ఆగి, అక్కడి నుంచి బాగా తగ్గించు. తర్వాత 60లో చూడు. వేగం పెరిగితే లెక్క మారినట్టు అనిపిస్తే ఇంకా తగ్గించు. చివరికి ట్యాంకరు నీళ్లతో రోడ్డు తడిపి ఇరవై, ముప్పై వేగంలో ఒకసారి చూడు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల రోడ్ల మీద బండల పొడి ఉంటుంది, మొదటి చినుకులకు అది సబ్బులా మారుతుంది. నల్లరేగడి పొలాల్లోంచి ట్రాక్టరు చక్రాలు తెచ్చిన మట్టి కూడా అంతే. మన దగ్గర అసలు పరీక్ష ఆ రోడ్డు మీదే.

పద్మినిలో ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. ఘాటులో గేరు తగ్గిస్తే ఇంజను పట్టు కూడా వెనక చక్రాల మీదే పడుతుంది. నీ పెద్ద ఇంజనుకు ఆ పట్టు ఇంకా ఎక్కువ. తడిలో క్లచ్ ఒక్కసారి వదిలితే, బ్రేకు తాకకుండానే వెనక జారొచ్చు. అందుకే బాగా తగ్గించు అన్నాను. మూడు, రెండు గేర్లలో దిగడం మానుకోమని కాదు, అలాగే దిగాలి. క్లచ్ మెల్లగా వదులు.

నాబ్ స్టీరింగు పక్కన వద్దు. 2005లో ఫార్ములా వన్‌కు పోయిన కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్ లాంటి వాళ్లకు అది చేతి దగ్గర ఉండాలి. పెట్రోలు తగ్గి బరువు మారుతుంది, టైర్లు అరుగుతాయి, ల్యాపు ల్యాపుకూ సరిచేసుకుంటారు. నీ బండిలో పక్క సీట్లో మేనకోడలు కూర్చుంటుంది. మెరిసే గుబ్బను పిల్లలు తిప్పకుండా ఉండరు. బానెట్ కింద, సైలెన్సర్ వేడికి దూరంగా పెట్టు. సెట్ అయినాక చెక్ నట్టు బిగించి, దాని మీద ఒక చుక్క రంగు వెయ్యి, కదిలితే తెలుస్తుంది. రెండు మాస్టర్ సిలిండర్లతో బ్యాలెన్స్ బార్ పెడల్ పెడదామా అని కూడా అడిగినావు. ట్రాకు బండికి పెట్టు. రోజూ తిరిగే బండికి నేను పెట్టను. ఒక లైను పోయిన రోజు ఆ బార్ పక్కకు వాలినా రెండో లైను పూర్తిగా పని చెయ్యాలంటే దాని ఖాళీలన్నీ చాలా నిక్కచ్చిగా ఉండాలి.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను చదువు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. ఇంజను మార్చినావు కాబట్టి కడప ఆర్టీవో కార్యాలయంలో అడిగి ఆర్సీలో ఎక్కించుకో, ఇన్సూరెన్సు వాళ్లకు దాచకు. ఇంకొన్నేళ్లకు బండికి యాభై నిండుతుంది. వింటేజ్ నంబరు కావాలంటే 2021 నియమాల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజను మారి ఉండకూడదు. పాత ఇంజనూ, పాత డ్రమ్ములూ పాత ఇనుముకు వెయ్యొద్దు. నూనె పూసి గోనెలో కట్టి అటక మీద పెట్టు.

వచ్చే ఆదివారం బండి తీసుకురా. నడుపుకుంటూ రావద్దు, ఏదైనా ట్రక్కు మీద ఎక్కించి పంపి నువ్వు బస్సులో రా. పైపులు నేను వంచుతాను, బ్లీడింగుకు పెడల్ నువ్వు తొక్కు. ఆ ఏడు పరకల సిలిండరు ఇంకా నా పనిబల్ల సొరుగులోనే ఉంది, దాన్నీ ముప్పావుదాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. వచ్చేటప్పుడు నాలుగు సుద్దముక్కలు తెచ్చుకో, ఇక్కడ అయిపోయినాయి.

మీ అమ్మానాన్నలను అడిగినానని చెప్పు.

ఇట్లు,
మీ మామ