మెరుగుకు ముందు శుద్ధి: కారు రంగు వెనుక రసాయనశాస్త్రం

సంక్రాంతికి ముందు మన పల్లెల్లో గోడలకు వెల్ల వేసేవారు పెచ్చులూడిన పాత సున్నాన్ని గీకి, దుమ్ము దులిపిన తరువాతనే కుంచె పట్టేవారు. వాకిలి ఊడ్చి కల్లాపి చల్లనిదే ముగ్గు వేసేవారు కారు. ఈ క్రమం తెలిసిన మనమే, దసరా వాహనపూజకు కారును సిద్ధం చేసేటప్పుడు పైపైన తుడిచి వెంటనే మైనం పూయడానికి ఉపక్రమిస్తాము. ప్లెయిన్స్‌బరోకు వచ్చిన కొత్తలో నేనూ ఆ పొరపాటే చేశాను. ఆ సాయంత్రం నా నల్లని కారు అద్దంలా మెరిసింది. మరునాడు ఎండలో చూడగా ఒంటినిండా సాలెగూడు వంటి సన్నని గీతలు! దోషం మైనానిది కాదు. దాని కింద నేను వదలివేసిన మురికిది.

కారు రంగు ఒకే పొర కాదు. లోహపు రేకుపై తుప్పును నిరోధించే పొర, దానిపై ప్రైమర్, ఆపై రంగునిచ్చే పొర, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ చివరి పొర మందం సాధారణంగా 40 నుండి 50 మైక్రాన్లు. అంటే ఇంచుమించు తలవెంట్రుకకన్నా పలుచన. అతినీలలోహిత కిరణాలనుండి రంగును కాపాడేది ఇదే. పాలిష్ అనగా సూక్ష్మమైన రాపిడి పొడి కలిపిన ముద్ద. అది గీతను పూడ్చదు. చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేస్తుంది. అరిగిన పొర తిరిగి పెరగదు. కనుక మన అజాగ్రత్తవల్ల పడిన ప్రతి గీతకూ ఆ స్వల్పమైన మూలధనంలోనుంచే వెల చెల్లించవలసి ఉంటుంది.

ఇక మురికి సంగతి. వీధి దుమ్ములోని ఇసుక ప్రధానంగా క్వార్ట్జ్. మోస్ కాఠిన్యమానంపై దాని స్థానం 7. దానిని పొడిగుడ్డతో తుడవడం గరుకు కాగితంతో రుద్దడమే. శీతకాలంలో రోడ్లపై చల్లే ఉప్పు, చెట్ల జిగురు, తారు, పక్షుల రెట్టలు దీనికి తోడు. బ్రేకులనుండీ, రైలు చక్రాలు, పట్టాల రాపిడినుండీ వెలువడే ఇనుప రేణువులు రంగుకు అంటుకొని తుప్పు పడతాయి. ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషనులో రోజంతా కారు నిలిపే మిత్రులు దీనిని గమనించాలి.

శుద్ధిక్రమం ఇది. కారును నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ముందు నీటిధారతో ఇసుకను పోగొట్టాలి. తరువాత రెండు బకెట్లు తీసుకొని, ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించడానికి మంచినీరు ఉంచుకొని, పైనుండి కిందికి కడగాలి. కడిగిన పిమ్మట పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి ఉంచి తడి రంగుపై మెల్లగా నిమరండి. గరుకుగా తగిలితే మురికి ఇంకా ఉన్నట్లే.

ఇనుప రేణువులకు అమ్మోనియం థయోగ్లైకొలేట్ ఉన్న ద్రావణం వాడతారు. జుట్టును ఉంగరాలు తిప్పే మందులలోనూ ఇదే పదార్థం ఉంటుంది. ఇనుముతో కలిసి ఊదారంగు సంయోగపదార్థంగా మారుతుంది. రంగు మారడమే ఇనుము ఉన్నదనడానికి సాక్ష్యం. చేతి తొడుగులు ధరించి, గాలి ఆడే చోట చల్లి, ఆరిపోకముందే కడిగివేయాలి. మిగిలినదానికి క్లే, అంటే మెత్తని రాపిడి ముద్ద, ఉపయోగపడుతుంది. జపాన్‌కు చెందిన తదావో కొదాతే ఇటువంటి ముద్దకు 1995లో అమెరికా పేటెంటు పొందారు. జారుడు ద్రవం ధారాళంగా చల్లి, ముద్దను తేలికగా జరపాలి. అది నేలపై పడితే పారవేయాలి. అంటుకున్న ఇసుక మళ్ళీ గీతలు పెడుతుంది. ఆపై కడిగి, మెత్తని తువ్వాలుతో ఆరనిచ్చి, అవసరమైన చోటనే పాలిష్ చేసి, చివర మైనం పూయాలి.

పూజానంతరం పసుపు కుంకుమలను కూడా పొడిగా రుద్దక నీటితోనే కడగండి. మరొక్క మాట. మన వీధి కాలువలలో చేరిన నీరు సాధారణంగా శుద్ధి కాకుండానే వాగులకు, మిల్‌స్టోన్ నదికి చేరుతుంది. కారును పచ్చికపైన గాని, వాడిన నీటిని మురుగుశుద్ధికి పంపే కార్‌వాష్‌లో గాని కడగడం మేలు.

ఈసారి సంచి పరీక్షను మీ పిల్లలచేత చేయించండి. కంటికి కనిపించని మురికిని చేయి ఎలా పసిగడుతుందో వారే కనుగొంటారు. మెరుగు ఒక పూట పని. దానికి ముందు శుద్ధి మాత్రం ఓర్పుతో చేయవలసిన పని.