గ్లాసుడు జెలటిన్, గుప్పెడు జాగ్రత్తలు

ప్రభుత్వాసుపత్రి డైట్ విభాగంలో పనిచేసి రిటైరయినదాన్ని. ఉద్యోగం అయిపోయినా, ఏం తినాలి, ఏం మానాలి అని అడిగేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నది జెలటిన్ నీళ్ళ గురించి. భోజనానికి ముందు ఒక గ్లాసు తాగితే ఆకలి మందగిస్తుందట, బరువు తగ్గిపోతుందట. అమెరికాలో ఉన్న కూతుళ్ళు ఫోన్లో చెబుతున్నారు, ఇక్కడ అమ్మలు సూపర్ మార్కెట్లో ఆ పొడి కోసం వెతుకుతున్నారు. రోగుల వంటింట్లో ఆ పొడితో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. తాగాలనుకునేవాళ్ళు చివరిదాకా చదివాకే మొదలుపెట్టండి.

1. అది దేని నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి

పశువుల ఎముకల్లో, చర్మంలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని నీళ్ళలో ఉడికించగా వచ్చేదే జెలటిన్. మన వంటిళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మేక కాళ్ళ చారు మిగిలితే రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి. గిన్నె వంచినా జారదు, గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే పాయా తాగినవాళ్ళకి పెదాలు జిగటగా అతుక్కోవడం తెలిసే ఉంటుంది. అదంతా జెలటినే.

బజార్లో దొరికే పొడి మాత్రం గొడ్డు నుంచి రావచ్చు, పంది నుంచి రావచ్చు, చేప నుంచీ రావచ్చు. శాకాహారులకి ఏదీ పనికిరాదు. ముస్లింలు హలాల్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. మీ ఇంటికి వచ్చినవాళ్ళకి ఇచ్చేటప్పుడు ఇది ఫలానా అని చెప్పి ఇవ్వండి. నిమ్మరసం పిండితే చూడ్డానికి షర్బత్తులాగే ఉంటుంది, ఎవరూ పోల్చుకోలేరు. ఎదుటివాళ్ళ నియమాన్ని వాళ్ళకి తెలియకుండా తప్పించే హక్కు మనకి లేదు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

2. నీళ్ళ మీద పొడి చల్లాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు

ఒక మనిషికి ఒకసారికి ఒక పెద్ద చెంచా చాలు, అంటే 10 గ్రాములకి మించకుండా. వెడల్పాటి గిన్నెలో అర కప్పు చల్లని నీళ్ళు పోసుకుని, పొడిని వేళ్ళతో పైన పలచగా చల్లండి. పొడి మీద నీళ్ళు కుమ్మరిస్తే ఉండకడుతుంది. ఆ ఉండ పైన జిగురుగా, లోపల పొడిగా ఉండిపోతుంది, ఎంత తిప్పినా కరగదు. చల్లాక ఐదు నిమిషాలు కదపకండి. పలుకులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, తెలుపు పోయి పారదర్శకంగా అవుతాయి. అప్పుడు ముప్పావు కప్పు వేడినీళ్ళు పోసి కలపండి. నీళ్ళు వేలు పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉంటే చాలు. జెలటిన్‌ని పొయ్యి మీద పెట్టి కళపెళ మరిగిస్తే దాని పట్టు తగ్గిపోతుంది.

కలిసిందో లేదో చెంచా వెనకవైపు తిప్పి చూడండి. ఒక్క పలుకు కూడా అంటుకుని ఉండకూడదు. తర్వాత నిమ్మరసం, చిటికెడు ఉప్పు, వేయించి కొట్టిన జీలకర్ర పొడి. జెలటిన్‌కి కొంచెం నీచు వాసన ఉంటుంది, జీలకర్ర దాన్ని అణుస్తుంది. పంచదార వద్దు, బెల్లం వద్దు, తేనె కూడా వద్దు. భోజనానికి అరగంట ముందు గోరువెచ్చగా తాగండి, ఆ తర్వాత కాసిని మంచినీళ్ళు తాగండి. గడ్డకట్టించి ముక్కలుగా తిన్నా సరే, ఫలితంలో పెద్ద తేడా లేదు.

3. గడ్డకట్టలేదంటే పండు ఏమిటో చూడండి

పచ్చి అనాస, బొప్పాయి, కివీ, పచ్చి అల్లం రసం, వీటిలో ఏది వేసినా జెలటిన్ గడ్డకట్టదు. మటన్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, మాంసాన్ని మెత్తబరిచే ఆ ఎంజైమే జెలటిన్‌నీ ముక్కలు చేసేస్తుంది. అల్లం రుచి కావాలంటే విడిగా నీళ్ళలో మరిగించి, వడకట్టి, ఆ నీళ్ళు కాస్త చల్లారాక వాడండి. మరిగితే ఎంజైము చచ్చిపోతుంది.

4. కడుపులో ముద్దగా కూర్చుంటుందన్న మాట నమ్మకండి

జెలటిన్ కడుపులోకి వెళ్ళి ఉబ్బి, చోటు ఆక్రమించి, ఆకలి లేకుండా చేస్తుందని చాలామంది నమ్మకంగా చెబుతున్నారు. అలా జరగదు. గడ్డకట్టిన జెలటిన్ మన ఒంటి వేడికే కరిగిపోతుంది. అంతదాకా ఎందుకు, మే నెలలో విజయవాడలో వంటింటి గట్టు మీద పెట్టి చూడండి, మీ కళ్ళ ముందే నీరైపోతుంది. వంటింటి గట్టు మీద నిలవనిది పొట్టలో ఎలా నిలుస్తుంది?

మరి ఆకలి తగ్గినట్టు ఎందుకనిపిస్తుంది? ఒకటి, భోజనానికి ముందు గ్లాసుడు నీళ్ళు లోపలికి వెళ్ళాయి. రెండు, 10 గ్రాముల పొడిలో 8 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంది, కేలరీలు 35 దాకా మాత్రమే. పిండిపదార్థం కంటే ప్రొటీన్‌కి ఆకలిని నిలిపే గుణం ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు పాల ప్రొటీన్ తిన్నవాళ్ళనీ జెలటిన్ తిన్నవాళ్ళనీ పోల్చి చూశారు. కొద్దికాలం చూసినప్పుడు జెలటిన్ తిన్నవాళ్ళకే ఆకలి తక్కువగా ఉంది. నెలల తరబడి చూసినప్పుడు మాత్రం బరువులో తేడా కనిపించలేదు. నేను మనుషుల్లో గమనించిందీ అదే. మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది. తర్వాత ఒంటికి అలవాటైపోతుంది.

5. శాకాహారులకి చైనా గ్రాస్ ఉంది, కానీ దాని లెక్క వేరు

చైనా గ్రాస్, అంటే అగర్ అగర్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. మనకి దగ్గర్లో రామేశ్వరం వైపు, మన్నార్ సింధుశాఖలో ఆ నాచుని ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి చేతులతో ఏరి తెస్తారు. ఇది వేడినీళ్ళలో కలిపితే కరగదు, రెండు మూడు నిమిషాలు మరగాల్సిందే. ఒకసారి గడ్డకట్టాక మళ్ళీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. కాబట్టి మన ఎండలకి తట్టుకుంటుంది, ఒంటి వేడికీ కరగదు.

ఈ గుణాన్ని లోకానికి పట్టిచ్చింది వంటిల్లు తెలిసిన ఒకావిడ. 1880ల మొదట్లో బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవారు. మనిషి ఒంటి వేడి దగ్గర ఉంచితే అది కరిగిపోయి పని పాడయ్యేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సేకి, జెలటిన్ బదులు అగర్ వాడి చూడమని భార్య ఫానీ చెప్పింది. ఆవిడ ఇంట్లో జెల్లీలకి వాడేది అదే. ఈరోజుకీ ప్రయోగశాలల్లో అగరే వాడుతున్నారు. వంట చేసేవాళ్ళకి వస్తువు గుణం తెలుస్తుందని చెప్పడానికి నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ లేదు.

అయితే అగర్‌లో ఉన్నది పీచు పదార్థం, ప్రొటీన్ లేదు. అందుకని చిన్న చెంచాలో సగం పొడిని గ్లాసుడు నీళ్ళలో మరిగించి తాగినవాళ్ళు, ఆ భోజనంలో పప్పో పెరుగో తప్పకుండా పెట్టుకోవాలి. ఒక గట్టి హెచ్చరిక: అగర్ గానీ ఇసబ్గోల్ గానీ పొడిగా నోట్లో వేసుకుని మింగకండి. గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. సబ్జా గింజలు కూడా పూర్తిగా నానాకే తాగాలి.

6. భోజనానికి ముందు తాగండి, భోజనానికి బదులు తాగకండి

ఈ పాఠం కోసమే మిగతావన్నీ రాశాను. పనికి వెళ్ళే ఒకమ్మాయి పొద్దున టిఫిన్ మానేసి జెలటిన్, రాత్రి భోజనం మానేసి మళ్ళీ జెలటిన్ తాగేది. నా దగ్గరకు వచ్చేనాటికి దువ్వెన నిండా వెంట్రుకలు ఊడుతున్నాయి, గోళ్ళు పాలిపోయాయి, మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. బరువు తగ్గానని సంతోషంగానే చెప్పింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూస్తే దండలో కండ లేదు. తగ్గింది కొవ్వు మాత్రమే కాదని అర్థమైంది.

జెలటిన్ అసంపూర్ణమైన ప్రొటీన్. శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని ట్రిప్టోఫాన్ అందులో అసలే లేదు. ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో ఎముకల జెలటిన్ సూపుతో పేదల కడుపు నింపవచ్చని నమ్మి ఆసుపత్రుల్లో పోశారు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ వేసిన సంఘం తరఫున ఫ్రాన్స్వా మజాండీ 1841లో నివేదిక ఇచ్చాడు. జెలటిన్ ఒక్కటే పెడితే కుక్కలు బతకలేదు. అయినా మనుషులు మరిచిపోయారు. అమెరికాలో 1976లో వచ్చిన ఒక డైట్ పుస్తకం, పశువుల తోళ్ళూ గిట్టల నుంచి తీసిన ద్రవ ప్రొటీన్ తాగి భోజనం పూర్తిగా మానేయమంది. ఆ తరహా డైట్లు చేసినవాళ్ళలో దాదాపు 60 మరణాలను అక్కడి ప్రభుత్వ సంస్థలు పరిశీలించాయి. చాలావాటికి కారణం గుండె లయ తప్పడం.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. అది పప్పు, పెరుగు, గుడ్డు, చేప, శనగల నుంచి రావాలి. జెలటిన్‌ని ఆ లెక్కలో కలపకండి.

7. వీళ్ళు తాగకూడదు

కిడ్నీ జబ్బుతో ప్రొటీన్ తగ్గించమన్నవాళ్ళు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు. మింగడం కష్టమైనవాళ్ళు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకూడదు. మందు మామూలుగానే పడి, అన్నం తగ్గితే షుగరు పడిపోతుంది. 60 దాటినవాళ్ళకి ఆకలి తగ్గించుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ వయసులో ఒంట్లో కండ నిలబెట్టుకోవడమే ముఖ్యం.

8. రంగు జెల్లీ ప్యాకెట్ వేరు

పిల్లలకి చేసే జెల్లీ ప్యాకెట్లలో ఎక్కువ భాగం పంచదారే. అది కలుపుకుని తాగి ఆకలి తగ్గిందనుకోకండి. పదార్థాల జాబితాలో మొదటి పేరు చదివితే తెలిసిపోతుంది.

9. మీ ఆకలి ఏ వేళ వస్తోందో రాసుకోండి

నా దగ్గరకు వచ్చేవాళ్ళకి ముందు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోమంటాను. చాలామందికి ఆకలి పిచ్చిగా వేసేది సాయంత్రం నాలుగు, ఐదు మధ్య. వెనక్కి వెళ్ళి చూస్తే పొద్దున నాలుగు ఇడ్లీ, నీళ్ళ చట్నీ. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, అందులో చారు, ఊరగాయ. పప్పు ఒక గరిటె. ఇలాంటి భోజనం చేసినవాళ్ళకి సాయంత్రం బజ్జీల బండి కనబడితే ఆగడం కష్టం. అది వాళ్ళ బలహీనత కాదు, కంచంలో ఉన్న లోటు. పొద్దున ఇడ్లీల పక్కన గుడ్డో, పెసరట్టో చేరిస్తే, మధ్యాహ్నం పప్పు రెండు గరిటెలైతే, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు గుప్పెడు తింటే, చాలామందికి జెలటిన్ అవసరమే పడలేదు. రాత్రి నిద్ర చాలనివాళ్ళకి మర్నాడు ఆకలి ఎక్కువగా ఉంటుందన్నది కూడా ఆ పుస్తకాల్లో మళ్ళీ మళ్ళీ చూశాను.

10. ఇంజెక్షన్‌కి ఇది ప్రత్యామ్నాయం కాదు

బరువు తగ్గించే ఇంజెక్షన్ మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. అప్పటినుంచి జెలటిన్ నీళ్ళని ఇంటి మౌంజారో అని పిలవడం వింటున్నాను. ఆ మందు పేగుల్లో పుట్టే రెండు హార్మోన్లను అనుకరించి వారం పొడుగునా పనిచేస్తుంది. గ్లాసు జెలటిన్ ఆ పని చేయలేదు. మీలో ఎవరికైనా డాక్టరు ఆ ఇంజెక్షన్ రాసి ఉంటే, ఈ నీళ్ళను నమ్మి మీ అంతట మీరు దాన్ని ఆపేయకండి. ఆరోగ్యంగా ఉండి, కాస్త బరువు తగ్గాలనుకునేవాళ్ళు రోజుకి ఒక్క గ్లాసు, కొన్ని వారాలు తాగి చూడండి. మీ నోటు పుస్తకంలో తేడా కనబడకపోతే ఆపేసి, ఆ డబ్బుతో గుడ్లూ శనగలూ కొనుక్కోండి.