తలుపు చాటున పాప

ప్రశ్న: మేదినీపూర్ జైలు నుంచి మూడేళ్లకు విడుదలై ఖరగ్‌పూర్ వచ్చాను. అత్తగారి దగ్గరున్న పదేళ్ల కూతురు నన్ను చూసి తలుపు చాటుకెళ్తోంది. గోల్‌బజార్‌లో పాత స్నేహితురాళ్లు తల తిప్పుకుంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, పాపది కోపం కాకపోవచ్చు, అమ్మ మళ్లీ వెళ్లిపోతుందేమోనన్న బెంగ. వారానికి రెండుసార్లే వెళ్లండి, కానీ చెప్పిన వేళకే. జడ వేయండి, లెక్కలు చూడండి. జైలు గురించి అడిగితే అబద్ధం వద్దు, వయసుకు తగినంత నిజం చాలు. అత్తగారికి ముందు దణ్ణం పెట్టండి. ఇన్నాళ్లూ బిడ్డకు అన్నం పెట్టిన చేతులవి. అయినా ఆవిడ చూడనివ్వకపోతే, మేదినీపూర్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది.

రైల్వే కాలనీలో మాట త్వరగా పాకుతుంది. అందరినీ ఒప్పించక్కర్లేదు. జైల్లో ఉన్నప్పుడు మీ మంచిచెడ్డలు అడిగిన స్నేహితురాలు ఒక్కరున్నా, మొదట ఆమె తలుపే తట్టండి.