తయాప్: పిల్లల దగ్గర ఆగిపోయిన భాష

పపువా న్యూగినీ దేశంలో ఎనిమిది వందలకు పైగా భాషలున్నవి. ఆ దేశపు ఉత్తర భాగాన, దిగువ సెపిక్, రాము నదుల నడుమ చిత్తడి అడవిలో గాపున్ అనే చిన్న గ్రామమున్నది. అక్కడివారి భాష తయాప్. పొరుగు భాషలలో దేనితోనూ దీనికి చుట్టరికమున్నట్లు భాషాశాస్త్రజ్ఞులు నిరూపించలేకపోయారు.

గ్రామస్థుల ముఖ్యాహారం సాగో. చెట్టును నరికి, బోదెలోని మెత్తని భాగాన్ని నలగగొట్టి, నీటితో కడిగి, అడుగున పేరుకున్న పిండిని వండుకుంటారు. (మన సగ్గుబియ్యానికి పేరు ఈ చెట్టు వల్లనే వచ్చింది, నేటి సగ్గుబియ్యం మాత్రం కర్రపెండలంతో చేసినది.) తెలుగు క్రియ కర్త ఎవరో తెలిపి ఊరుకుంటుంది. తయాప్ క్రియ అంతటితో ఆగదు. ‘ఆమె అతణ్ణి భుజాలపై మోసుకొని క్రిందికి దిగదలచినది’ అన్నంత భావం ఒక్క పదంలో ఇముడుతుంది.

స్వీడన్ నుండి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు డాన్ కులిక్ 1986-87లో ఈ గ్రామంలో నివసించాడు. అప్పటికి తయాప్ మాట్లాడేవారు వందకు లోపే. అయితే ఈ భాష ఎన్నడూ వేలమందిది కాదు. కనుక సంఖ్యను చూసి కంగారు పడనక్కరలేదు. కంగారు పడవలసినది వేరొకటి: పదేళ్ళలోపు పిల్లలలో ఒక్కరూ తయాప్ మాట్లాడడం లేదు. అందరి నోటా టోక్ పిసిన్. తోటలలో కూలికి వెళ్ళి వచ్చిన మగవారు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో ఊరికి తెచ్చిన భాష అది.

తయాప్ వద్దని తల్లిదండ్రులు అనుకోలేదు. ‘మేము నేర్పుతూనే ఉన్నాము, పిల్లలే మొండివాళ్ళు’ అన్నదే వారి వాదన. ప్రవాసంలో బిడ్డలను పెంచేవారికి ఈ మాట కొత్త కాదు. కులిక్ ఇళ్ళలోని సంభాషణలను రికార్డు చేసి విన్నాడు. తల్లి తయాప్‌లో ఒక మాట చెబుతుంది. బిడ్డ పలకకపోతే వెంటనే అదే మాటను టోక్ పిసిన్‌లో చెబుతుంది. బదులు రావలసిన మాటలన్నీ రెండవ భాషలోనే. తానలా మాట్లాడుతున్నట్లు ఆమెకే తెలియదు.

దీని వెనుక ఒక నమ్మకమున్నది. మనిషిలో ‘హెడ్’ అనే మొండితనమూ, ‘సవే’ అనే వివేకమూ ఉంటాయని గాపున్ వాసుల భావన. తయాప్ స్త్రీలకు, పూర్వీకులకు, మొండితనానికి చెందినది. టోక్ పిసిన్ పురుషులకు, చర్చికి, చదువుకు, వివేకానికి చెందినది. పసిబిడ్డ తొలిపలుకులుగా తల్లులు చెప్పేవి ‘ఓకి’, ‘అయాత’ — వెళ్ళిపోతాను, ఇక చాలు అని. రెండూ తయాప్ మాటలే. అంటే ఆ బిడ్డలోని మొండితనం తయాప్‌లో పలికిందన్నమాట. వివేకం నేర్పవలసి వచ్చినప్పుడు భాష మారిపోతుంది.

2019లో కులిక్, ఏంజెలా టెరిల్‌తో కలిసి తయాప్ వ్యాకరణాన్ని, నిఘంటువును ప్రచురించాడు. అప్పటికి ఈ భాషను బాగా మాట్లాడేవారు ఏభైమందికి లోపే. అయితే అతనికి ఒక ఆశ్చర్యం ఎదురైంది. భాష రాదని ఊరంతా అనుకున్న కొందరు యువతీయువకులు, విడిగా కూర్చోబెట్టి కథ చెప్పమంటే తయాప్‌లోనే చెప్పారు. కొందరు చాలా చక్కగా చెప్పారు. పెద్దల ఎదుట మాత్రం నోరు విప్పరు. తప్పు దొర్లితే నవ్వుతారేమోనని వారి సంకోచం.