మల్బరీ వేర్లలో నులిపురుగు: ఏ బూజు మందు మేలు, ఏది కీడు?



నీళ్లు పెట్టినా, ఎరువు వేసినా మల్బరీ ఆకు చిన్నదై పసుపుబారుతోందా? కొమ్మ ఎదగడం లేదా? మొదట్లో జానెడు లోతు తవ్వి పీచువేర్లు కడిగి చూడండి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే అది వేరుముడి నులిపురుగు. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వేడి నేలలో దాదాపు నెలకో తరం వస్తుంది. ఇసుక నేలల్లో బెడద ఎక్కువ.

టమాటా, వంగ, బెండ వేర్లను పట్టేది కూడా ఈ పురుగే. అందుకే మల్బరీ సాళ్ల మధ్య ఈ కూరగాయలు వద్దు. వాటికి బదులు బంతి వేస్తే నులిపురుగు తగ్గుతుంది.

కార్బోఫ్యురాన్ గుళికలు వేస్తే విషం వేరు నుంచి ఆకుకు ఎక్కుతుంది. ఆ ఆకు తిన్న పట్టుపురుగు బతకదు. మనకు నప్పేది నులిపురుగు గుడ్లను తినే బూజులు, అంటే శిలీంద్రాలు.

*మేలు చేసేవి*
1. పర్పురియోసిలియం లిలాసినం (పాత పేరు పేసిలోమైసిస్)
2. పొకోనియా క్లామిడోస్పోరియా (పాత పేరు వర్టిసిలియం క్లామిడోస్పోరియం). మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ వారి బయోనెమాలో ఉన్నది ఇదే.
3. ట్రైకోడెర్మా. ఇది వేరుకుళ్లును కూడా అడ్డుకుంటుంది.

*మల్బరీ తోట దరిదాపుల్లో వాడకూడనివి*
బ్యువేరియా, మెటారైజియం, వర్టిసిలియం లెకాని. ఇవి పురుగుల్ని చంపే బూజులు. బ్యువేరియాతోనే మన పురుగులకు సున్నపుకట్టు రోగం వస్తుంది. ఈ రోగానికి బూజే కారణమని ఇటలీలో అగోస్టినో బస్సీ 1835లో నిరూపించారు. బ్యువేరియా బాసియానా అన్న పేరులో ఉన్నది ఆయన పేరే.

వర్టిసిలియం రెండు జాబితాల్లోనూ ఉంది, గమనించారా? అందుకే ప్యాకెట్ మీద పేరులోని రెండు మాటలూ చదవాలి. "జీవన మందు, ఏమీ కాదు" అని దుకాణదారు చెప్పినా సరే.

*వేసే పద్ధతి*
• టన్ను మాగిన పశువుల ఎరువులో 2 కిలోల పొడి కలపండి. వేపపిండి కూడా కలిపితే ఇంకా మంచిది.
• నీడలో కుప్ప పోసి, తడి ఆరకుండా గోనెసంచులు కప్పి 15 రోజులు ఉంచండి. వారానికోసారి తిరగేయండి.
• కొమ్మలు కత్తిరించాక పాదుల్లో వేసి, మట్టి కప్పి, నీళ్లు పెట్టండి. చెట్టుకు ఎంత వేయాలో ప్యాకెట్ చూసి వేయండి.
• మట్టిలోనే వేయాలి, ఆకు మీద చల్లకూడదు.
• షెడ్డు కడిగిన బ్లీచింగ్ నీళ్లు ఆ పాదుల్లోకి పోనివ్వకండి, బూజు చచ్చిపోతుంది.
• సున్నపుకట్టుతో చచ్చిన పురుగుల్ని ఎరువు కుప్పలో వేయకుండా కాల్చేయండి.

ఇది ఒక్కసారితో పోయే పురుగు కాదు. ఏడాదిలో రెండు మూడు కత్తిరింపులకు వేస్తూ పోతే వేరు తేరుకుంటుంది.

భివండిలో మగ్గాల మీద ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల తోటకు ఫోన్‌లో మందు ఆర్డర్ పెట్టే తమ్ముళ్లకు ఒక మాట. డబ్బు కట్టేముందు లేబుల్ ఫోటో తెప్పించుకోండి. అనుమానముంటే ఇక్కడ గ్రూపులో పెట్టండి, చూసి చెప్తాం. రెండు వందల మందుకు ఆశపడి పంట మొత్తం పోగొట్టుకోవద్దు.