అసహనము

'అసహనము' అను మాట నేడు నిత్యము వినబడుచున్నది. ఫలానా అధికారి అసహనము వ్యక్తము చేసినాడని పత్రికలు వ్రాయుచుండును. కోపమునకు అది యొక మర్యాదపేరైనది. కాని పదము లోతు వేరు.

'సహ' ధాతువునకు ఓర్చుట అని అర్థము. వేదమున జయించుట అను అర్థమునందును ప్రయోగము కలదు. దానినుండి పుట్టిన 'సహస్సు'నకు బలమని అర్థము. శ్రీవిష్ణుసహస్రనామములలో 'సహిష్ణుః' అను నామము రెండు పర్యాయములు వచ్చును. శంకరభగవత్పాదులు మొదటిచోట హిరణ్యాక్షాదులను జయించువాడనియు, రెండవచోట శీతోష్ణాది ద్వంద్వములను సహించువాడనియు వ్యాఖ్యానించిరి. కావున సహనము చేతకానివాని గుణము కాదు, బలవంతుని గుణము. అసహనమే దౌర్బల్యము.

మన తెలుగున 'ఓపిక'యు ఇట్టిదే. "నడిచే ఓపిక లేదు" అన్నచో శక్తి లేదనియు, "వినే ఓపిక లేదు" అన్నచో సహనము లేదనియు భావము. రెంటికిని ఒకే మాట.

ఈ సంగతి నాకు నిఘంటువు నేర్పలేదు. ఒక అక్షయతృతీయనాడు చోడవరము నుండి సింహాచలము వెళ్లితిని. శ్రీవరాహలక్ష్మీనృసింహస్వామివారి నిజరూపదర్శనము ఏటికి ఆ యొక్కనాడే గదా! వరుసలో నా ముందున్న ముదుసలి అడుగు తీసి అడుగు వేయలేకుండెను. "తొందరగా నడువమ్మా" అని విసుగుకొంటిని. ఆమె వెనుదిరిగి, "ఓపిక నేదు బాబూ" అన్నది. ఆమెకు లేనిది కాళ్ల ఓపిక, నాకు లేనిది మనస్సు ఓపిక. ఏండ్ల తరబడి ధాతువులకు అర్థము చెప్పిన నేను సిగ్గుపడితిని. ఆమె చేయి పట్టుకొని నడిచితిని. దర్శనము ఎంత ఆలస్యమైనదో నాకు జ్ఞాపకము లేదు.

అట్లని త్వర యంతయు దోషము కాదు. గజేంద్రుని మొర విని పరుగున వచ్చిన శ్రీహరి త్వరకు పరాశరభట్టరు శ్రీరంగరాజస్తవమున నమస్కరించిరి. అది ఆర్తుని కొరకైన త్వర. మనది తరచు మన సుఖము కొరకే. ఇంట వంట ఆలస్యమైనపుడు, పిల్లవానికి పాఠము రానపుడు, పెద్దలు చెప్పినదే మరల చెప్పునపుడు, "ఈ తొందర ఎవరి కొరకు?" అని ప్రశ్నించుకొనవలెను. మా ప్రాంతమున బెల్లము వండువారికి తెలియును: పాకము ముదురకమునుపే దించినచో బెల్లము గట్టిపడదు.

పారాయణమున 'సహిష్ణుః' అను నామము వచ్చినపుడు ఒక్క క్షణము నిలుతము. ఆ గుణలేశమును మనకు ప్రసాదింపుమని స్వామిని వేడుకొందము.