చెప్పి వదలండి

ఒక పనిని ఉత్సాహంగా తలకెత్తుకుంటాం. తర్వాత ఉద్యోగం మారుతుంది, ఇంట్లో పసిబిడ్డ వస్తుంది, ఆరోగ్యం మొరాయిస్తుంది. పని ఆగిపోతుంది. అయినా ‘ఇక నావల్ల కాదు’ అనడానికి నోరు రాదు. మొహమాటం! వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ రెండేళ్లు గడిపేస్తాం. ఈలోగా మన పేరు చూసి, ఆయన చూసుకుంటున్నాడులే అని మిగతావాళ్లు దాని జోలికి రారు. అసలు నష్టం అక్కడే.

ఈ మొహమాటాన్ని దాటడం డెబియన్ వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాలంటీర్లే నడుపుతారు. అందులో వేల కొద్దీ ప్యాకేజీలు, అంటే విడివిడి సాఫ్ట్‌వేర్ భాగాలు. ఒక్కోదానికి దాన్ని చూసుకునే ఒక మెయింటైనరో, ఒక టీమో ఉంటుంది. డెబియన్ ఎవరికీ జీతం ఇవ్వదు, కాబట్టి ఎవరినీ గట్టిగా అడిగే వీలు లేదు. మరి మెయింటైనర్‌కి తీరిక లేకపోతే?

మాట పెగలని మనిషికి వాళ్లు మాటలు తయారుచేసి పెట్టారు. కాస్త చేయి వెయ్యండి అనాలంటే ‘ఆర్‌ఎఫ్‌హెచ్’. ఎవరైనా తీసుకోండి, అప్పటిదాకా నేను చూస్తుంటాను అనాలంటే ‘ఆర్‌ఎఫ్‌ఏ’. పూర్తిగా వదిలేస్తే ఒకే అక్షరం, ‘ఓ’. ఆర్ఫన్, అంటే అనాథ. కంట్రోల్ ఫైల్‌లో మెయింటైనర్ అన్న వరసలో మీ పేరు తీసేసి డెబియన్ క్యూఏ గ్రూప్ అని రాస్తారు. అంతే! సంజాయిషీలు అక్కర్లేదు. ఆ ఒక్క వరస మారితే చాలు, చేయగలిగినవాడికి దారి దొరుకుతుంది.

ఈ ఆదివారం మీరూ ఒక కాగితం తీసుకోండి. మీ పేరు మీద ఉన్న బాధ్యతలన్నీ రాయండి. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పదవైనా సరే, ఓపెన్ సోర్స్ ప్యాకేజీ అయినా సరే. ఆర్నెల్లుగా ముట్టుకోనివాటి పక్కన పైన చెప్పిన మూడింటిలో ఏది నప్పుతుందో వేయండి. సోమవారమే సంబంధించినవాళ్లకు చెప్పేయండి. రెండు వాక్యాలు చాలు.

ఇక అవతలివాళ్లు చెప్పకుండా వదిలేసిన పని మీ కంటపడితే? ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. చొరవ పేరుతో లాగేసుకుంటారు, లేదంటే నలుగురిలో నిలదీస్తారు. డెబియన్‌లో ఇందుకు ‘సాల్వేజ్’ పద్ధతి ఉంది. బగ్‌లకు జవాబు లేదు, కొత్త వెర్షన్లు వచ్చినా అప్‌లోడ్ లేదు, నెలల తరబడి అలికిడి లేదు. అప్పుడు ‘ఈ ప్యాకేజీని నేను చూసుకుందామనుకుంటున్నాను’ అని అందరికీ కనిపించేలా రాయాలి. 21 రోజులు ఆగాలి. మెయింటైనర్ వద్దంటే అక్కడితో ఆపేయాలి. ఎవరూ ఏమీ అనకపోతే, మీ అప్‌లోడ్ కనీసం మరో 7 రోజులు క్యూలో ఉంటుంది. తొందరపడేవాళ్లకు ఇది నత్తనడకలా అనిపించవచ్చు. నాకైతే ఇందులో ఎదుటి మనిషి మీద గౌరవం కనిపిస్తుంది. అతను ఆసుపత్రిలో ఉన్నాడేమో!

ఒత్తిడి పెడితే ఏమవుతుందో ‘ఎక్స్‌జెడ్’ చూపించింది. ఎన్నో లైనక్స్ సిస్టమ్‌లు ఆధారపడే ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే తన ఖాళీ సమయంలో మోశాడు. ఆలస్యమవుతోందని కొందరు పదేపదే సతాయించారు. సాయానికి వచ్చిన కొత్త వ్యక్తి ఆ ఒత్తిడి మధ్యే మెల్లగా నమ్మకం సంపాదించి, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి (బ్యాక్‌డోర్) పెట్టేశాడు. లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ దాన్ని పట్టుకున్నాడు. అలసిపోయిన మనిషిని చూస్తే పని ఎప్పుడవుతుందని అడగకండి. ఏ బగ్ నన్ను చూడమంటారు అని అడగండి.

అన్నింటినీ బతికించాలనీ లేదు. 2020 జనవరి 1తో పైథాన్ 2 కాలం ముగిశాక, పైథాన్ 3కి మారని ఎన్నో ప్యాకేజీలను డెబియన్ తీసేసింది. వాడేవాళ్లు లేక, మెరుగైనది పక్కనే ఉంటే మూసేయడం కూడా చేతనైన పనే.

పేరు పోతుందన్న బెంగ ఇంకా ఉంటే, చేతులు మారిన ఏదైనా ప్యాకేజీ ఛేంజ్‌లాగ్, అంటే మార్పుల చిట్టా తెరవండి. పైన కొత్త మెయింటైనర్ పేరు ఉంటుంది. కిందికి జరుపుతూ వెళ్లండి. ఎప్పుడో వదిలి వెళ్లిన మనిషి సరిదిద్దిన ఒక్కో బగ్ నంబరూ, దాని కింద అతని పేరూ, తేదీ, నిమిషాలు సెకన్లతో సహా అలాగే ఉంటాయి.